కైరల్ కార్బన్ దగ్గరే ఆగిపోతే ద్రవ స్ఫటికం అర్థం కాదు

ద్రవంలా పారుతూనే స్ఫటికంలా అణువులు ఒక క్రమంలో ఉండే పదార్థాలు ద్రవ స్ఫటికాలు. వాటి మీద పనిచేసే ల్యాబుల్లో తరచూ వాడే పదార్థాలు రెండున్నాయి. ఒకటి సీబీ15, రెండోది ఎస్811. రెండూ కైరల్ పదార్థాలే, అంటే ఎడమ చెయ్యి కుడి చెయ్యిలా వాటి అణువు తన అద్దపు ప్రతిబింబంతో కలవదు. రెండింట్లోనూ కైరల్ కార్బన్ ఒక్కటే, రెండింట్లోనూ దాని విన్యాసం ఎస్. అణువులన్నీ దాదాపు ఒకే దిక్కు చూస్తూ మెలి లేకుండా ఉండే మామూలు నెమాటిక్ ద్రవ స్ఫటికంలో కాస్త సీబీ15 కలిపితే అది కుడివైపు మెలి తిరుగుతుంది. అదే నెమాటిక్‌లో ఎస్811 కలిపితే ఎడమవైపు తిరుగుతుంది.

ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా ఒకటే ప్రశ్న వస్తుంది: "రెండూ ఎస్ కదా సార్, మరి అదెలా?" పిల్లల్ని తప్పుపట్టలేం. ఇంటర్ నుంచి మనం నేర్పుతున్నది అదే మరి. కార్బన్‌కి నాలుగు వేర్వేరు గ్రూపులుంటే కైరల్. ప్రాధాన్యాన్ని బట్టి నంబర్లు వెయ్యి, గడియారం ముల్లు తిరిగే వైపైతే ఆర్, ఎదురైతే ఎస్. ఈఏపీసెట్‌లోనైనా నీట్‌లోనైనా గబగబా జవాబు గుర్తించేసి తర్వాతి ప్రశ్నకు పోవాలి. ఆ అక్షరం తెలిశాక దాంతో ఏం చేయాలో ఎవరూ అడగరు. అడగరు కాబట్టి, పదార్థం స్వభావమంతా ఆ అక్షరంలోనే ఉందన్న నమ్మకం పిల్లల్లో గట్టిపడిపోతుంది.

ఆ నమ్మకాన్ని పోగొట్టడానికి ద్రవ స్ఫటికాలకు మించిన పాఠం లేదని నా వాదన. కైరల్ ద్రవ స్ఫటికం ఎటు తిరుగుతుంది, ఎంత గట్టిగా తిరుగుతుంది, ఏ రంగు చూపిస్తుంది, కరెంటు పెడితే ఎలా స్పందిస్తుంది అన్నవి కైరల్ కార్బన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలవు. ఆ కార్బన్ అణువులో ఎక్కడ కూర్చుంది, చుట్టూ తిరగడానికి దానికి ఎంత చోటుంది, మొత్తం అణువు పక్క అణువుకు ఏ ఆకారంతో ఆనుతోంది, వీటిని బట్టి తేలతాయి. కొన్నిసార్లు కైరల్ కార్బన్ అసలు లేకుండానే పని జరిగిపోతుంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు కాస్త నేపథ్యం. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టరిల్ బెంజొయేట్‌ను వేడిచేస్తుంటే అది రెండుసార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉండే ద్రవమైంది, 178.5 దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటపడింది. చల్లారుస్తుంటే నీలం, ఊదా రంగులు మెరిశాయి. ఆయన ఈ సంగతి ఓట్టో లేమాన్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు, అక్కణ్ణుంచి ఈ శాస్త్రం మొదలైంది. అంటే మనిషి గుర్తించిన మొదటి ద్రవ స్ఫటికమే కైరల్‌ది. మెలి లేని నెమాటిక్‌లు ఆ తర్వాత వచ్చాయి.

నెమాటిక్‌లో పుల్లల్లాంటి అణువులన్నీ దాదాపు ఒకే దిక్కు చూస్తాయి, కానీ ద్రవంలో ఉన్నట్టే అటూ ఇటూ కదులుతుంటాయి. అణువులు కైరల్ అయితే ఆ దిక్కు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కొద్దికొద్దిగా తిరుగుతూ పోతుంది. పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి పట్టే దూరాన్ని పిచ్ అంటారు. ఆ పిచ్‌ను సగటు వక్రీభవన గుణకంతో గుణిస్తే ఆ పదార్థం ఏ రంగు కాంతిని వెనక్కి కొడుతుందో వస్తుంది. అది కూడా తన మెలికి సరిపడే వృత్తాకార ధ్రువణం ఉన్న (అంటే ఆ వైపే గుండ్రంగా తిరుగుతూ వచ్చే) సగం కాంతినే. మిగతా సగం దాటిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. ఆకుపచ్చ రంగు 550 నానోమీటర్లు అనుకుందాం, వక్రీభవన గుణకం 1.6. పిచ్ దాదాపు 344 నానోమీటర్లు. అణువు మందం సుమారు అర నానోమీటరు. అంటే ఒక చుట్టుకి దాదాపు 690 అణువులు కావాలి. ఒక అణువుకూ దాని పక్క అణువుకూ మధ్య వచ్చే తేడా అర డిగ్రీ. ఇదే సమయంలో ప్రతి అణువూ వేడికి సగటు దిక్కు నుంచి 30 డిగ్రీల దాకా ఊగుతూనే ఉంటుంది. 30 డిగ్రీల ఊగులాటలో అర డిగ్రీ మొగ్గు! కంటికి కనిపించే రంగంతా ఆ మొగ్గు పుణ్యమే. దీని విలువ అణువు నిర్మాణం చూసి ముందే చెప్పడం ఎంత కష్టమో ఈ లెక్కే చెప్తుంది. అణువు ఆకారంలో చిన్న మార్పు వచ్చినా ఆ అర డిగ్రీ సున్నా కావచ్చు, గుర్తు మారి అటువైపుకీ పోవచ్చు.

ఇప్పుడు సీబీ15 సంగతి దగ్గరగా చూద్దాం. ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 1973లో 5సీబీ అనే పదార్థాన్ని ప్రకటించింది. రెండు బెంజీన్ వలయాలు, ఒక చివర సయనో గ్రూపు, ఇంకో చివర అయిదు కార్బన్ల నిటారు తోక. 24 నుంచి 35 డిగ్రీల మధ్య నెమాటిక్. గది ఉష్ణోగ్రతలో పనిచేస్తూ గాలికీ తేమకూ పాడవకపోవడంతో వాచీలకీ కాలిక్యులేటర్లకీ దారి తెరిచింది. సీబీ15 అణుఫార్ములా కూడా అచ్చం ఇదే: 18 కార్బన్లు, 19 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్. తేడా అల్లా తోకలో ఒక మిథైల్ చివర నుంచి పక్కకు జరిగి వలయం నుంచి రెండో కార్బన్ మీద కూర్చుంది. దాంతో ఆ రెండో కార్బన్ కైరల్ అయింది, అణువుకు మెలి తిప్పే గుణం వచ్చింది. కానీ పక్కకు పొడుచుకొచ్చిన ఆ మిథైల్ అణువుల్ని దగ్గరగా పేర్చుకోనివ్వదు. ఫలితంగా గది ఉష్ణోగ్రతలో సీబీ15 ద్రవ స్ఫటికమే కాదు, మామూలు తేట ద్రవం. ఉన్నది పోయింది, లేనిది వచ్చింది. కైరాలిటీ అనేది అణువుకు బయట నుంచి అతికించే చీటీ కాదు. ఏ కొమ్మ మీద పెట్టినా ఏదో ఒక ధర చెల్లించాల్సిందే. ఈ రంగంలో అణువుల్ని తయారుచేసే కెమిస్టుల పని సగం ఈ బేరంలోనే గడుస్తుంది.

ఏ పదార్థం ఎటు తిప్పుతోందో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది, నాకు ఇప్పటికీ ఇష్టమైనది. గాజు స్లైడు మీద ఒక పక్క సీబీ15 కలిపిన నెమాటిక్ చుక్క, ఇంకో పక్క ఎస్811 కలిపిన చుక్క వేసి పైన కవర్ స్లిప్ పెట్టాలి. రెండు చుక్కలూ పాక్కుంటూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. పోలరైజింగ్ మైక్రోస్కోప్‌లో చూస్తే రెండు వైపులా వేలిముద్రల్లాంటి గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. మధ్యకు వచ్చేకొద్దీ గీతల మధ్య ఎడం పెరుగుతూ పోయి, ఒక చోట గీతలే మాయమవుతాయి. ఆ పట్టీలో మెలి లేదు, శుద్ధ నెమాటిక్ నల్లటి దారపు పోగులతో కనిపిస్తుంది. దాన్ని దాటగానే మళ్లీ గీతలు, ఈసారి ఎదురు మెలితో. మధ్యలో ఆ పట్టీ వచ్చిందంటే రెండూ ఎదురెదురు, రాకపోతే రెండూ ఒకే వైపు. రెండు ఎస్ పదార్థాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం కళ్లారా చూశాక ఆ అక్షరం మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

మరి దీనికి నియమం లేదా అంటే, ఉంది. గ్రే, మెక్‌డొనెల్ 1970ల్లో ఒకటి చెప్పారు. వలయాల గట్టి భాగం నుంచి కైరల్ కార్బన్ ఎన్నో పరమాణువో లెక్కపెట్టు. సరి సంఖ్యా, బేసి సంఖ్యా చూడు. ఎస్, బేసి అయితే ఎడమ. ఎస్, సరి అయితే కుడి. ఆర్‌కి దీనికి తలకిందులు. సీబీ15లో కైరల్ కార్బన్ రెండోది, సరి, కాబట్టి కుడి. ఎస్811లో వలయం తర్వాత కార్బొనిల్ కార్బన్ ఒకటి, ఆక్సిజన్ రెండు, కైరల్ కార్బన్ మూడు. బేసి, కాబట్టి ఎడమ. సరిగ్గా సరిపోయింది.

"అయితే అక్షరం పనికొచ్చినట్టేగా?" అని అడిగేవాళ్లుంటారు. పనికొచ్చింది, కానీ ఒంటరిగా కాదు. నిటారు తోక జిగ్‌జాగ్‌గా పోతుంది కాబట్టి, ఒక్క కార్బన్ జరిగితే మిథైల్ పొడుచుకొచ్చే వైపు మారిపోతుంది. సరి బేసి లెక్క వెనకున్నది ఆ జ్యామితే. అంటే ఈ నియమం ఆకారం గురించి మాట్లాడుతోంది, అక్షరం ఆ ఆకారానికి ఒక గుర్తు మాత్రమే. మిథైల్ బదులు క్లోరిన్ లాంటి ఎలక్ట్రాన్లను లాక్కునే గ్రూపు వచ్చేసరికి నియమానికి ఇంకో షరతు తగిలించాల్సి వచ్చింది. తోక లేకుండా గట్టి చట్రంలా ఉండే అణువుల దగ్గర ఈ లెక్కకు చోటే లేదు. న్యాయంగా ఒక్క మాట ఒప్పుకోవాలి: ఒకే అణువు ఎస్ రూపం ఎంత ఎడమకు తిప్పితే, దాని ఆర్ రూపం సరిగ్గా అంతే కుడికి తిప్పుతుంది. అద్దంలో ప్రతిబింబం కాబట్టి అక్కడ తేడా రాదు. ఒక అణువు నుంచి వేరే అణువుకు దూకినప్పుడే ఆ అక్షరం చేతులెత్తేస్తుంది.

ఎందుకు చేతులెత్తేస్తుందో అర్థం కావడానికి జోసెఫ్ స్ట్రాలీ 1976లో చెప్పిన ఊహ ఒకటి సరిపోతుంది. రెండు మరబోల్టులు తీసుకోండి, రెండూ కుడి మరవే. పక్కపక్కన ఆనించి మరలు ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా పట్టుకోండి. బోల్టులు సమాంతరంగా ఉండవు, కొంచెం వాలుతాయి. మామూలు బోల్టులో మరగీతలు దాదాపు అడ్డంగా ఉంటాయి కాబట్టి ఒక వైపుకు వాలుతాయి. మరగీతలు బాగా ఏటవాలుగా, నిలువుకు దగ్గరగా ఉండే బోల్టులైతే ఇమడడానికి రెండో వైపుకు వాలాలి. 45 డిగ్రీల దగ్గర దిశ మారిపోతుంది. రెండు సందర్భాల్లోనూ బోల్టులు కుడి మరవే! తిరిగే దిశ మర కుడా ఎడమా అన్నదాంతో తేలిపోలేదు, మర ఎంత వాలుగా ఉందన్నది చూడాల్సి వచ్చింది.

ఇది బొమ్మ లెక్క కదా అనుకుంటే కొలెస్టరాల్ చూడండి. కొలెస్టరాల్‌లో కైరల్ కార్బన్లు ఎనిమిది. దాని హైడ్రాక్సిల్ స్థానంలో మిరిస్టేట్ ఎస్టర్ పెడితే వచ్చే ద్రవ స్ఫటికం ఎడమ మెలి. అదే స్థానంలో ఒక్క క్లోరిన్ పెడితే కుడి మెలి. ఎనిమిది కైరల్ కార్బన్లలో ఒక్కదాని అమరికా మారలేదు. చివర వేలాడే గ్రూపు మారింది, అంతే. 1960ల చివర్లో కొలెస్టరిల్ క్లోరైడ్, కొలెస్టరిల్ మిరిస్టేట్‌లను బరువులో 1.75కి 1 చొప్పున కలిపి చూస్తే, 40 డిగ్రీలకు కాస్త పైన ఒక ఉష్ణోగ్రత దగ్గర మెలి పూర్తిగా పోయి నెమాటిక్‌లా ప్రవర్తించింది. అణువుల్లో కైరాలిటీ నిండుగా ఉంది, పదార్థంలో మెలి సున్నా. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. పాఠ్యపుస్తకంలో ఇది ఎందుకు లేదో కూడా నాకు అర్థం కాదు.

పెద్ద అణువుల్లోనూ ఇదే కథ. డీఎన్‌ఏ మెట్లు కుడి చుట్టు. నీటిలో చిక్కగా కరిగిన పొట్టి డీఎన్‌ఏ ముక్కలు పేర్చుకున్నప్పుడు వచ్చే కొలెస్టెరిక్ (మెలి తిరిగిన నెమాటిక్) మామూలుగా ఎడమ చుట్టు, పిచ్ రెండు మూడు మైక్రాన్లు. ఎఫ్‌డీ, పీఎఫ్1 అని సన్నటి పుల్లల్లాంటి వైరస్‌లు రెండున్నాయి. రెండింటి ప్రోటీన్ తొడుగుల అమరిక దాదాపు ఒకటే, రెండూ కైరలే. ఎఫ్‌డీ ద్రావణం మెలి తిరుగుతుంది, పీఎఫ్1 ద్రావణంలో కొలవగలిగే మెలి కనిపించలేదు.

ఎటు అన్నది అలా ఉంచి, ఎంత అన్నది చూద్దాం. మెలి తిప్పే శక్తిని మైక్రాన్‌కి ఇన్ని చుట్లు అని లెక్కిస్తారు. సీబీ15 లాంటి తోక కైరల్ అణువులకు ఇది మామూలు నెమాటిక్‌లలో ఏడెనిమిది ఉంటుంది. ఆకుపచ్చ రంగు రావాలంటే మైక్రాన్‌కి దాదాపు మూడు చుట్లు కావాలి కాబట్టి, సీబీ15 నలభై శాతం దాకా పొయ్యాలి. అంత పోస్తే ఆతిథ్యమిచ్చే నెమాటిక్ స్వభావమే చెడిపోతుంది. అది గది ఉష్ణోగ్రతలో ద్రవ స్ఫటికమే కాని పదార్థం కదా! శక్తి 30 ఉన్న పదార్థమైతే పది శాతం చాలు. 90 ఉన్నదైతే మూడు శాతం.

ఆ 90 ఎక్కణ్ణుంచి వస్తుంది? తోకలో ఉన్న కైరల్ కార్బన్ చుట్టూ బంధాలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. ఒక భంగిమలో అణువు ఎడమకు నెడితే ఇంకో భంగిమలో కుడికి నెడుతుంది, మిగిలేది కొసరు. అణువును కదలకుండా బిగిస్తే ఆ కొట్టివేత ఆగుతుంది. బైనాఫ్తిల్ అణువులు దీనికి మంచి నమూనా. రెండు నాఫ్తలీన్ పలకల్ని ఒకే బంధం కలుపుతుంది, పలకల మధ్య కోణమే వాటి కైరాలిటీ. ఇందులో కైరల్ కార్బన్ అనేదే లేదు, అక్షం చుట్టూ మెలి ఉంది. రెండు పలకల్నీ ఒక వంతెనతో బిగించేస్తే మెలి తిప్పే శక్తి చాలా పెరుగుతుంది. ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయంలో గొత్తరెల్లి, స్పాదా బృందం చూపించిన సంగతి ఇంకా ఆసక్తికరం. పలకల మధ్య కోణం 90 డిగ్రీల లోపుంటే ఒక మెలి, 90 దాటితే ఎదురు మెలి, 90 దగ్గర దాదాపు సున్నా. విన్యాసం పేరు మూడు సందర్భాల్లోనూ ఒకటే. బోల్టు మర వాలు ఇక్కడ కోణం రూపంలో మళ్లీ కనిపిస్తుంది. 1990ల్లో పాదువాలో ఫెర్రారీని తదితరులు అణువు ఉపరితలం ఆకారాన్ని మాత్రమే తీసుకుని మెలి దిశనీ శక్తినీ లెక్కగట్టే పద్ధతి తయారుచేశారు. ఆ లెక్కలో ఆర్, ఎస్ అన్న అక్షరాలు ఎక్కడా రావు.

కెమిస్టు బెన్ ఫెరింగా, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్‌లోని ఆయన బృందం దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. కాంతి పడితే మోటారులా తిరిగే ఒక అణువును నెమాటిక్‌లో ఒక శాతం కలిపారు. మొదట దాని మెలి శక్తి కుడికి 90. అతినీలలోహిత కాంతి పడ్డాక అణువు ఆకారం మారి ఎడమకు 59. ఆ మార్పు జరుగుతున్నప్పుడు పైన పెట్టిన 28 మైక్రాన్ల గాజు పుల్ల గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. 2006లో ప్రచురించారు. అక్కడ బంధాలు తెగలేదు, ఇంకో పదార్థం కలపలేదు. భంగిమ మారింది, పదార్థం మొత్తం మెలి మార్చుకుంది.

కాసేపు పక్కదారి. ఎస్811 తోకలో ఉండేది 2-ఆక్టనాల్. ఇది వచ్చేది ఆముదం నుంచి. ఆముదాన్ని క్షారంతో గట్టిగా వేడిచేస్తే సెబాసిక్ ఆమ్లం, దాంతో పాటు 2-ఆక్టనాల్ వస్తాయి. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాల్లో పండే ఆముదానికి ద్రవ స్ఫటికాలతో చుట్టరికం ఉందంటే మా పిల్లలు నమ్మరు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం తనంతట తాను కైరలే. కానీ ఆ చర్య మధ్యలో కీటోన్ దశ గుండా పోవడంతో ఆ కైరాలిటీ కొట్టుకుపోయి, ఆర్, ఎస్ సగం సగం కలిసిన ఆక్టనాల్ చేతికొస్తుంది. వాటిని విడదీయడానికి పాత పుస్తకాల పద్ధతిలో బ్రూసిన్ వాడతారు. బ్రూసిన్ మన అడవుల్లో దొరికే ముష్టి గింజల్లోది, విషం. ఇప్పుడు ఎంజైములతో చేస్తున్నారు, అది నయం. సీబీ15 తోకకు మాత్రం ఈ తిప్పలు లేవు. డిస్టిలరీల్లో మిగిలే ఫ్యూసెల్ ఆయిల్‌లోని 2-మిథైల్ బ్యూటనాల్‌ను ఈస్ట్ ముందే ఎస్ రూపంలో తయారుచేసి పెడుతుంది. ఏళ్ల తరబడి కైరల్ ద్రవ స్ఫటికాల్లో ఈ తోకే ఎక్కువగా కనిపించడానికి పెద్ద సైద్ధాంతిక కారణమేమీ లేదు, చవగ్గా దొరికింది.

ఆ చవక తోక పరిమితి ఫెర్రోఎలక్ట్రిక్ (తమంతట తాము విద్యుత్ ధ్రువణం చూపే) ద్రవ స్ఫటికాల్లో బయటపడింది. పొరలు పొరలుగా ఉండి, పొరల్లో అణువులు వాలి ఉండే స్మెక్టిక్ సీ అనే దశ ఉంది. అందులో అణువులు కైరల్ అయితే సౌష్ఠవం ప్రకారం ప్రతి పొరకూ విద్యుత్ ధ్రువణం (ఒక వైపు ప్లస్, ఇంకో వైపు మైనస్ ఆవేశం) ఉండి తీరాలని రాబర్ట్ మేయర్ తర్కించాడు. 1975లో ఫ్రాన్స్ కెమిస్టులతో కలిసి డోబాంబీసీ అనే పదార్థంలో దాన్ని చూపించాడు. గొప్ప పని. సౌష్ఠవం "ఉంటుంది" అని చెప్పింది, ఎంత ఉంటుందో చెప్పలేదు. డోబాంబీసీలో ధ్రువణం చదరపు సెంటీమీటరుకు పది నానోకూలంబ్‌ల లోపే. కారణం, అదే 2-మిథైల్ బ్యూటైల్ తోక. కైరల్ కార్బన్‌కూ కార్బొనిల్ ద్విధ్రువానికీ (ఒక కొస ప్లస్, ఇంకో కొస మైనస్ ఉండే బంధానికీ) మధ్య రెండు పరమాణువుల దూరం ఉంది, మధ్యలో బంధాలు తిరిగిపోతాయి, ద్విధ్రువం ఏ వైపు చూడాలో గట్టిగా చెప్పేవాళ్లు లేరు.

కైరల్ కార్బన్‌ను జరిపి నేరుగా ఎస్టర్ ఆక్సిజన్‌కే తగిలించండి. మిథైల్ అక్కడ అడ్డుపడి తిరగనివ్వదు. ధ్రువణం పది రెట్ల దాకా పెరుగుతుంది. ఎంహెచ్‌పీఓబీసీ అనే పదార్థం అలాంటిదే, తోకలో మళ్లీ మన 2-ఆక్టనాలే. 1989లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చాందనీ, ఫుకుదా, తకెజోయె బృందం ఇందులో ఊహించనిది చూసింది. పక్కపక్క పొరలు ఎదురెదురుగా వాలుతూ ధ్రువణాన్ని కొట్టేసుకుంటున్నాయి. యాంటీఫెర్రోఎలక్ట్రిక్ ద్రవ స్ఫటికం అన్నది అప్పటిదాకా లేదు. తోకలో మిథైల్ ఎక్కడుందన్న ఒక్క విషయం ఒక కొత్త దశకే దారి తీసింది. ఆ మిథైల్ ఉన్న కార్బన్ ఆరా ఎస్సా అన్నది ఈ కథలో ఏ మలుపునూ తిప్పలేదు.

ఆకారమే ముఖ్యమన్న మాటకు మన దేశం ఇచ్చిన సాక్ష్యం కూడా తక్కువది కాదు. ద్రవ స్ఫటికం కావాలంటే అణువు పుల్లలా ఉండాలన్నది చాలాకాలం నమ్మకం. 1977లో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్. చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ బిళ్లల్లాంటి అణువులతో ద్రవ స్ఫటికం చేసి చూపించారు. అదే చంద్రశేఖర్ 1968లో శ్రీనివాసరావుతో కలిసి మెలి తిరిగిన ద్రవ స్ఫటికాలు కాంతిని ఎలా తిప్పుతాయో సిద్ధాంతం రాశారు. ఇటు గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో తోకల పొడవు ఒక్కో కార్బన్ చొప్పున పెంచుతూ దశలు ఎలా మారతాయో చూసే పని ఏళ్ల తరబడి నడిచింది. ఓపిక కావాల్సిన పని అది, పేపర్లో ఫొటో పడని పని. ఆకారానికీ స్వభావానికీ ఉన్న లంకె తెలిసేది అలాంటి పట్టికల నుంచే.

ఇప్పుడు మొదట్లో దాటేసిన సంగతి. కైరల్ కార్బన్ లేకుండా మెలి వస్తుందా?

రెండు సయనోబైఫినైల్ ముక్కల్ని (5సీబీలో ఉన్నట్టే రెండు వలయాలు, ఒక సయనో గ్రూపు) కార్బన్ గొలుసుతో కలపండి. గొలుసులో ఆరు కార్బన్లుంటే అణువు నిటారుగా ఉంటుంది, మామూలు నెమాటిక్. ఏడు కార్బన్లుంటే అణువు వంగుతుంది. ఈ ఏడు కార్బన్ల పదార్థం పేరు సీబీ7సీబీ. దీన్ని చల్లారిస్తే నెమాటిక్ కింద ఇంకో దశ వస్తుంది. వంగిన అణువులు సమాంతరంగా పేర్చుకోలేక, వంపును సర్దుకోవడానికి మెలి తిరుగుతాయి. పిచ్ దాదాపు 8 నానోమీటర్లు, అంటే రంగుల కొలెస్టెరిక్ కంటే నలభై రెట్లు బిగువు. 2013లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో నేరుగా చూశారు. ఈ అణువులో కైరల్ కార్బన్ లేదు, కైరల్ అక్షం లేదు, మెలి తిప్పే మందు ఒక్క చుక్క కలపలేదు. కొంత భాగం కుడికి, కొంత ఎడమకు, సగం సగం. మెలి మాత్రం ఉంది. వంగిన గట్టి అణువుల పొరల్లో ఎడమ, కుడి దిమ్మెలు వాటంతటవే విడిపోవడం 1997లోనే కొలరాడోలోని బౌల్డర్ బృందం చూపించింది. 2024లో పోలండ్‌లోని వార్సా బృందం విద్యుత్ ధ్రువణం ఉన్న నెమాటిక్‌లో కూడా కైరల్ కాని అణువులు మెలి తిరగడాన్ని ప్రకటించింది.

"ఇదంతా పరిశోధకులకు, మా పిల్లలకు ఎందుకు?" అనే తోటి లెక్చరర్లున్నారు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, సిలబస్ పూర్తవ్వాలి, రిజల్ట్ రావాలి. కానీ వాళ్ల టేబుల్ మీదున్న కాలిక్యులేటర్లో ఈ పాఠం నడుస్తూనే ఉంటుంది. పాత ఎల్‌సీడీలో పై గాజుకీ కింది గాజుకీ మధ్య నెమాటిక్ 90 డిగ్రీలు తిరగాలి. కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా దానికి ఒకటే ఖర్చు, అందుకని అక్కడక్కడా ఎదురు తిరిగి మచ్చలు పడతాయి. రవ్వంత కైరల్ మందు వేస్తే అంతా ఒకే వైపు తిరుగుతుంది. 1980ల్లో వచ్చిన సూపర్ ట్విస్ట్ తెరల్లో 240 నుంచి 270 డిగ్రీలు తిప్పాల్సి వచ్చింది, అక్కడ మందు మోతాదు సరిగ్గా కుదరాలి. మందు ఎటు తిప్పుతుందో సీసా మీది ఎస్ చూసి నిర్ణయించే ఇంజినీరు ఎవరూ ఉండరు, కొలిచి చూసుకుంటారు.

డిగ్రీ ల్యాబ్‌లో దీన్ని చేయించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కొలెస్టరిల్ ఓలియిల్ కార్బొనేట్, కొలెస్టరిల్ పెలార్గొనేట్, కొలెస్టరిల్ బెంజొయేట్, ఈ మూడూ చాలు. చిన్న గాజు సీసాలో 65:25:10 నిష్పత్తిలో తూచి, తేటపడేదాకా వేడిచేసి, నల్ల కాగితం మీద పెట్టిన రెండు స్లైడుల మధ్య పూస్తే సుమారు 17 నుంచి 23 డిగ్రీల మధ్య రంగులు చూపిస్తుంది. 30:60:10 చేస్తే 37 నుంచి 40 మధ్య. మే నెలలో గుంటూరులో రెండోదానికి హీటర్ అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు ఎరుపు, వేడెక్కేకొద్దీ ఆకుపచ్చ, నీలం. ఇంకా చల్లారితే వచ్చే పొరల దశ (స్మెక్టిక్) దగ్గరపడేకొద్దీ పొరలు మెలిని ఒప్పుకోవు, పిచ్ విచ్చుకుపోతుంది, అందుకే చల్లదనం వైపు ఎరుపు. ఓలియిల్ తోకలో ద్విబంధం దగ్గరుండే వంపు ఆ పొరల్ని సులువుగా ఏర్పడనివ్వదు, కాబట్టి అది ఎక్కువుంటే రంగుల ఆట చల్లని వైపుకు జరుగుతుంది.

థియేటర్లో ఇచ్చే 3డీ కళ్లద్దాలు వృత్తాకార ధ్రువణం రకానివైతే వాటిలోంచి ఆ స్లైడును ఒక్కో కంటితో చూడమనండి. ఒక కంటికి రంగు మెరుస్తుంది, రెండో కంటికి చచ్చిపోతుంది. తర్వాత అందులో కొద్దికొద్దిగా కొలెస్టరిల్ క్లోరైడ్ కలుపుతూ పోతే రంగు ఎరుపు వైపు జరిగి, ఆ పైన కంటికి అందకుండా పోతుంది. వైవాలో నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ నాలుగు పదార్థాల్లోనూ స్టీరాయిడ్ చట్రం ఒకటే, ఎనిమిది కైరల్ కార్బన్ల అమరికా ఒకటే. మరి క్లోరైడ్ వేస్తే మెలి ఎందుకు విప్పుకుంది?